సాసర్ అన్నది ఆకారం గురించి కాదు
గ్రహాంతరవాసుల వాహనాలంటూ చెప్పే 'ఎగిరే సాసర్ల' మీద వచ్చిన వ్యాసంలో, ఒకరికొకరు తెలియని ఇంతమంది ఆకాశంలో ఒకే సాసర్ ఆకారం చూశామంటే అది అబద్ధం ఎలా అవుతుందని అడిగారు. నాకైతే ఆ వాదన తిరగబడినట్టే ఉంది. 1947 జూన్ 24న అమెరికాలో రైనియర్ పర్వతం దగ్గర తొమ్మిది వస్తువులు చూశానన్న పైలట్ కెన్నెత్ ఆర్నాల్డ్, తాను సాసర్ అన్నది అవి ఎగిరిన తీరు గురించేనని, సాసర్‌ని నీళ్ల మీద విసిరితే గెంతుకుంటూ పోయినట్టు పోయాయని చెప్పానని 1950లో మొత్తుకున్నాడు. అప్పటికే పత్రికలు 'ఫ్లయింగ్ సాసర్' అని పేరు పెట్టేశాయి. ఇక జనం కూడా సాసర్లే చూడటం మొదలుపెట్టారు! నేనూ ఒక రాత్రి ఆకాశంలో దండ గుచ్చినట్టు చుక్కలు వరసగా పోతుంటే ఒళ్లు జలదరించి వీడియో తీశాను. చెయ్యి వణికింది నాకు, గంతులేసింది మాత్రం వీడియోలో చుక్కలు. అవి ఇంటర్నెట్ కోసం గుంపుగా పైకి పంపే స్టార్‌లింక్ ఉపగ్రహాలని తెల్లారాక తెలిసింది. అదే ఏ టీవీ చానల్‌ చేతికో చిక్కి ఉంటే ఎర్ర గుండ్రం గీసి, భయంకరమైన మ్యూజిక్ కలిపి అరగంట నడిపేవాళ్లు. ఆ వీడియో ఇంకా నా ఫోన్లోనే ఉంది, ఎవరికీ పంపలేదు.