తుమ్ముకు మూడో నంబరు హెచ్చరిక

మా కాలేజీలో ఫ్లూ నివారణ చర్యలు యుద్ధప్రాతిపదికన మొదలయ్యాయి. అంటే, సర్క్యులర్ వచ్చింది. నెల్లూరు అవతల హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీ మాది. పేరెందుకు లెండి, రెండు నెలల జీతం రావాల్సి ఉంది. 'జ్వరము, దగ్గు ఉన్న విద్యార్థులు తరగతులకు రాక విశ్రాంతి తీసుకొనవలెను' అని అందులో ఉంది. అటెండరు ఆ కాగితాన్ని తరగతి తరగతికీ తిప్పాడు. లెక్చరర్లందరం చదివి, అతని జేబులోని ఒకే పెన్నుతో సంతకాలు పెట్టి తిరిగిచ్చాం. అతనికి రెండ్రోజులుగా ముక్కు కారుతోంది. అయినా ఒక్క గదీ వదల్లేదు, పాపం నిజాయితీపరుడు.

సర్క్యులర్ కింద ఇంకో లైనుంది: '75 శాతం హాజరు నిబంధనలో ఏ మార్పూ లేదు.'

హాజరు 75కి తగ్గినా 65 దాకా ఉంటే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు, అంటే తగ్గిన హాజరును మన్నించే రుసుము, కట్టి గట్టెక్కొచ్చు. అంటే, పిల్లాడు జ్వరమొచ్చి బుద్ధిగా ఇంట్లో పడుకుంటే వాళ్ల నాయన డబ్బు కట్టాలి. అదే జ్వరంతో క్లాసుకొచ్చి బెంచీ బెంచీకీ పంచిపెడితే పైసా ఖర్చుండదు. మా పిల్లలు లెక్కల్లో వీకని ఎవరన్నారో గాని, ఈ లెక్క మాత్రం అందరికీ వచ్చు. నిరుడు కాలేజ్ డే రోజున 100 శాతం హాజరుకు బహుమతి ఇచ్చాం. ఆ కుర్రాడు స్టేజీ మీద దగ్గుతూనే కప్పు అందుకున్నాడు.

ఇక కావలి బస్సు. కార్తీక మాసం వాన, అద్దాలన్నీ బిగించి, గంటకు పైగా ప్రయాణం, సీటుకు ముగ్గురు. ఫ్లూ మనిషిలో చేరాక లక్షణాలు బయటపడటానికి సగటున రెండ్రోజులు పడుతుంది. లక్షణాలు కనబడటానికి ఒకరోజు ముందునుంచే అంటుకుంటుంది కూడా. కాబట్టి బస్సు దిగేటప్పుడు అందరూ ఆరోగ్యంగానే దిగుతారు.

మా నాయనమ్మ ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మితే గడప దాటనిచ్చేది కాదు. "కూసోని మంచినీళ్లు తాగి పోరా" అనేది. మూఢనమ్మకమని నవ్వాం. ఆమె చెప్పింది సగం సైన్సే. కాకపోతే తుమ్మినవాణ్ని వదిలేసి, విన్నవాణ్ని కూర్చోబెట్టేది. మా యాజమాన్యానికి ఆ పట్టింపు లేదు, ఇద్దర్నీ రమ్మంటుంది.

మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే నలుగురిలోకి వెళ్లాలని డాక్టర్లు చెప్తారు. హాస్టల్లో దీన్ని కొంచెం సవరించారు: డోలో మాత్ర వేసుకున్నాక రెండు గంటలు జ్వరం లేకపోతే ఇంటర్నల్ పరీక్షలు రాయొచ్చు. తగ్గకపోతే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇస్తారు. అది వైరస్ మీద పనిచేయదు. ఆ సంగతి వైరస్‌కు తెలుసు. శానిటైజర్ సీసాలు కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు గోడకెక్కి, వాళ్లు వెళ్లగానే స్టోర్ రూముకు పోతాయి. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలంటారు. మా కుళాయిలో అంతసేపు నీళ్లు వచ్చిన రోజు సబ్బు ఉండదు.

అందుకే నాదో విన్నపం. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, బడులకు సెలవులిస్తారు. ఆ ఏర్పాటే మా గేటు దగ్గరా పెట్టాలి. ఎవరో ఒకరు తుమ్మితే ఒకటో నంబరు. వెనక బెంచీ మొత్తం దగ్గితే మూడు. మా విభాగాధిపతి హెచ్‌ఓడీ గారి గొంతు పోతే ఏడు, దీనికి విద్యార్థులు సంతోషించరాదు. క్యాంటీన్ మాస్టరు తుమ్ముతూ చట్నీ రుబ్బితే పది. ఓడరేవులో పదకొండో నంబరు అంటే సమాచార సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఇక్కడ దానికి, సర్క్యులర్ తిప్పడానికి మనిషి లేడని అర్థం చెప్పుకోవచ్చు.

ఈ రోజు మా అటెండరు రాలేదు.