కాదన్నారు సరే, ఎందుకో చెప్పరా?

ఆ కాగితాన్ని ఆమె నాలుగు మడతలు పెట్టి, మాత్రల షీట్లు వేసుకునే ప్లాస్టిక్ కవర్లోనే దాచుకుంది. భర్త యావజ్జీవ ఖైదీ. రెండు కిడ్నీలూ పోయాయి, వారానికి రెండుసార్లు పోలీసు ఎస్కార్టుతో డయాలసిస్‌కు పోయొస్తున్నాడు, ఇంటికి పంపితే కడదాకా చూసుకుంటామని పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబు అది. ఇంగ్లీషులో ఉంటే కడప బస్టాండు దగ్గర జిరాక్సు షాపు కుర్రాడితో చదివించుకుంది. తేలింది ఒక్క ముక్క: పరిశీలించాం, కుదరదు. ఏ డాక్టరు ఎప్పుడు చూసి ఏం రాశాడో అందులో లేదు, దీని మీద ఎక్కడికి పోవాలో అసలే లేదు.

జబ్బు చేసిన ప్రతి ఖైదీనీ వదిలేయమని మేము అనడం లేదు. మనిషిని పోగొట్టుకున్న ఇంటి బాధ ఏమిటో సీమలో ఉన్న మాకు తెలుసు, వాళ్ల మాట కూడా ఫైల్లో ఉండాల్సిందే. కానీ కాదన్నప్పుడు కారణం చెప్పి తీరాలి. ఎందుకంటే కారణం తెలియకపోతే పైకోర్టులో దేన్ని తప్పుపట్టాలి?

ఇది మేము కొత్తగా అడుగుతున్నదేమీ కాదు. శిక్ష తగ్గింపు అర్జీల మీద 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: ఉత్తర్వులో క్లుప్తంగానైనా కారణాలు రాయాలి, జైలు ద్వారా వెంటనే ఖైదీకి అందించాలి, కాపీ ఉచితంగా లాయరును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపాలి, తిరస్కరిస్తే సవాలు చేసే హక్కు ఉందని జైలు అధికారులే అతనికి చెప్పాలి.

వదలడానికి జైల్లో ఇంకా 14 ఏళ్లు నిండలేదు కదా అంటారు. హత్య లాంటి కేసుల్లో ప్రభుత్వానికి ఆ అడ్డు ఉన్నమాట నిజమే, కానీ రాజ్యాంగం 161వ అధికరణ కింద శిక్ష తగ్గించడానికి గవర్నర్‌కున్న అధికారానికి అది అడ్డం కాదని 2021లో సుప్రీంకోర్టే తేల్చింది. పోనీ గవర్నర్ నిర్ణయం మీద అడగడానికి లేదా అంటే, ఆ సంగతి మన కర్నూలు జిల్లా కేసులోనే తేలిపోయింది. 2005లో ఇక్కడి ఒక నాయకుడికి మిగిలిన శిక్ష మాఫీ చేస్తే, మంచి పార్టీ కార్యకర్త అన్న మాటను లెక్కలోకి తీసుకున్నారని 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పలుకుబడి ఉన్నవాడిని వదిలినప్పుడు కారణం అడిగిన కోర్టు, చావుకు దగ్గరైన పేదవాడిని కాదన్నప్పుడు మాత్రం ఎందుకు అడగదు? అడుగుతుంది, కాకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్ వేసేవాళ్లు ఉండాలి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

గడువు సంగతి కూడా తేలాలి. అమెరికా ఫెడరల్ జైళ్లలో ఇలాంటి అర్జీ పెట్టుకున్న ఖైదీ 30 రోజులు చూసి తానే కోర్టుకు పోవచ్చు, 2018లో చట్టం మార్చి మరీ ఆ దారి ఇచ్చారు. మన దగ్గర ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు పోయేలోపే మెడికల్ రిపోర్టు పాతబడిపోతుంది. ఆర్నెల్ల కిందటి రిపోర్టు చూసి పర్వాలేదని రాస్తే అది ఈరోజు మనిషి సంగతి ఎలా అవుతుంది? తిరస్కరించే ముందు కొత్తగా మెడికల్ బోర్డుకు చూపించాలి.

న్యాయసేవాధికార సంస్థ లాయరు ఈ వారమే జైలుకు వెళ్లి అతనితో వకాలత్ మీద సంతకం పెట్టించుకోవాలి, అమరావతిలో హైకోర్టు తలుపు తట్టాలి. ఇకమీదట ఇచ్చే ప్రతి తిరస్కరణ కాగితం తెలుగులో ఉండాలి, అడుగున ఆ లాయరు ఫోన్ నంబరు ఉండాలి, పెద్ద అక్షరాల్లో.