తఖియా అని ముద్ర వేస్తే చర్చ అయిపోయినట్టేనా?

సోషల్ మీడియాలో ఒక ముస్లిం కాస్త సౌమ్యంగా ఏదైనా చెప్పాడనుకోండి, కింద ఎవరో ఒకరు 'తఖియా' అని రాసేసి పోతారు. మతం కోసం అబద్ధమాడొచ్చని వాళ్లకు అనుమతి ఉందట, కాబట్టి ఇతను చెప్పేదీ అబద్ధమేనట. దీనికి జవాబంటూ ఉండదు. అవునన్నా దొంగే, కాదన్నా దొంగే, నోరు మూసుకుంటే ఇంకా పెద్ద దొంగ.

తఖియా అంటే అసలు ప్రాణం మీదికొచ్చినప్పుడు విశ్వాసాన్ని దాచుకోవచ్చనే మినహాయింపు. అది మొదలైన చోటుకి వెళ్దాం. ఇస్లాం తొలి రోజుల్లో మక్కాలో అమ్మార్ బిన్ యాసిర్ అనే ముస్లింని అక్కడి పెత్తందారీ తెగ ఖురైషులు చిత్రహింసలు పెట్టారు, అతని తల్లి సుమయ్యాను చంపేశారు. దెబ్బలకు తాళలేక వాళ్లు అనమన్న మాట అనేసి అమ్మార్ ఏడుస్తూ ప్రవక్త ముహమ్మద్ దగ్గరికి వచ్చాడు. మనసులో విశ్వాసం చెదరకుండా, బలవంతం మీద నోటితో అన్నవాడికి దోషం లేదని చెప్పే ఖుర్ఆన్ వాక్యం (16:106) ఇతని విషయంలోనే వచ్చిందని వ్యాఖ్యాతలు చెబుతారు.

తర్వాత కూడా ఇది ప్రాణం మీదికొచ్చిన వాళ్లకే అక్కరకొచ్చింది. ఉమయ్యద్, అబ్బాసీ పాలకుల కింద నలిగిన షియాల దగ్గర తఖియా ఒక సిద్ధాంతంగా ఎదిగింది. 833లో ఖలీఫా మామూన్ 'ఖుర్ఆన్ అనాదిగా ఉన్నది కాదు, సృష్టించబడింది' అని ఒప్పుకోమని పండితుల మీద ఒత్తిడి తెస్తే చాలామంది భయపడి సరేనన్నారు. అహ్మద్ బిన్ హంబల్ మాత్రం ఒప్పుకోక జైలుకెళ్లాడు, తర్వాతి ఖలీఫా చేత కొరడా దెబ్బలు తిన్నాడు, సున్నీ సమాజం తలకెత్తుకున్నది కూడా ఆయన్నే. అనుమతి ఉన్నా వాడుకోని వాడే గొప్పవాడయ్యాడు! స్పెయిన్‌లో బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింలకు 1504లో ఉత్తరాఫ్రికా పండితుడొకరు ఇచ్చిన ఫత్వా కూడా ఇలాంటిదే. విగ్రహం ముందు వంగక తప్పకపోతే వంగండి, మనసులో మీ దేవుణ్నే తలచుకోండి అన్నాడాయన.

'మరి యుద్ధమంటేనే మోసం అని హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖన) ఉంది కదా' అంటారు. ఉంది. ప్రవక్తకు శత్రువైన కాబ్ బిన్ అష్రఫ్‌ని చంపడానికి వెళ్లిన ఆయన అనుచరుడు ముహమ్మద్ బిన్ మస్లమా, అతన్ని నమ్మించడానికి ఏదో ఒకటి చెప్పేందుకు ప్రవక్త దగ్గర అనుమతి తీసుకున్న సంగతి బుఖారీ హదీసు సంకలనంలోనే ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు. అది యుద్ధ పరిస్థితి అని పండితులు ఇచ్చే వివరణ నాకు పూర్తిగా మింగుడుపడదు కూడా. కానీ దాని పక్కనే హుజైఫా కథ కూడా చదవాలి, అది ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

624లో ముస్లింలకూ ఖురైషులకూ జరిగిన బద్ర్ యుద్ధానికి ముందు ప్రవక్త అనుచరుడు హుజైఫా, అతని తండ్రి ఖురైషుల చేతికి చిక్కారు. మదీనాకి వెళ్తున్నామంతే, ముహమ్మద్ తరఫున యుద్ధం చేయం అని మాటిచ్చి బయటపడ్డారు. వచ్చి సంగతి చెప్పారు. అవతల దాదాపు వెయ్యిమంది, ఇవతల మూడొందల పైచిలుకు, ప్రతి మనిషీ కావాల్సిన సమయం, పైగా ఆ మాట ఇచ్చింది శత్రువుకి, ఇప్పించుకున్నది బెదిరించి. ఇంతకన్నా సాకు ఏం కావాలి? అయినా ప్రవక్త యుద్ధానికి రావద్దని వాళ్లను వెనక్కి పంపేశారు, మనం ఖురైషులకిచ్చిన మాట నిలబెడదాం, సాయం దేవుణ్ని అడుగుదాం అని. ఎత్తు వేయడం వేరు, ఇచ్చిన మాట తప్పడం వేరు అని ధర్మశాస్త్రకారులు గీసిన గీత ఇదే. ఒప్పందం చేసుకున్న వాళ్లు ద్రోహం చేస్తారని భయముంటే, ఒప్పందం రద్దని ముందు బాహాటంగా చెప్పమంటుంది ఖుర్ఆన్ (8:58).

ఇక మామూలు జీవితానికి వస్తే, గొడవపడ్డ ఇద్దర్ని కలపడానికి, భార్యాభర్తల మధ్య ప్రేమ కోసం చెప్పే మాటలకు హదీసులో సడలింపు ఉంది. అబద్ధమాడినా తప్పులేని సందర్భాలని శుక్రాచార్యుడు బలికి చెప్పిన జాబితా తెలిసిన తెలుగువాళ్లకు ఇదేమీ వింతగా ఉండకూడదు. 1111లో చనిపోయిన ఇస్లాం పండితుడు గజాలీ దీనికి ఒక లెక్క పెట్టాడు: మంచి పని నిజంతోనూ అబద్ధంతోనూ అయ్యేట్టుంటే అబద్ధం నిషిద్ధం, అబద్ధం తప్ప దారి లేకపోతేనే అది చెల్లుతుంది, ఒక అమాయకుడు దుర్మార్గుడి నుంచి పారిపోయి దాక్కుంటే వాడి జాడ చెప్పకపోవడం తప్పనిసరి. నేరుగా అబద్ధం చెప్పకుండా తప్పించుకునే మాటలూ ఉన్నాయి. మదీనాకి వలసపోతున్నప్పుడు దారిలో ప్రవక్తను చూసి 'నీ ముందున్నది ఎవరు' అని అడిగితే ఆయన సహచరుడు అబూబకర్ 'నాకు దారి చూపించే మనిషి' అన్నాడు. ప్రాణాలకు ఖరీదు కట్టిన రోజుల్లో అది బాగుంది. అదే తెలివిని ఇవాళ ఒక వ్యాపారి తూకం దగ్గర చూపిస్తే మాత్రం ఒప్పుకోలేం, ఎందుకంటే బజారు విషయంలో ఆ ధర్మం చాలా కటువుగా ఉంది. ధాన్యం రాశిలో ప్రవక్త చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందన్నాడు అమ్మేవాడు. మరి తడిసింది పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు నావాడు కాడు అన్నారాయన. పిల్లాణ్ని 'రా, ఒకటి ఇస్తా' అని పిలిచిన తల్లిని కూడా ఏమిద్దామనుకున్నావని ఆరా తీశారు. ఖర్జూరం అంది. ఏమీ ఇవ్వకుంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాసి ఉండేవారన్నారు.

కాబట్టి ముస్లింలను నిలదీయాలంటే తఖియా దగ్గర కాదు, ఇక్కడ నిలదీయాలి. హదీసు చెప్పిన ప్రతి మనిషి నడత తవ్వి, ఫలానావాడు అబద్ధాలకోరు అని పుస్తకాల్లో పేరు పెట్టి రాసిన పండితుల వారసులు, 'రంజాన్ వస్తోందని ముందుగా చెప్పినవాడికి నరకాగ్ని నిషిద్ధం' అనే పుట్టుకే లేని హదీసుని ఏటా వాట్సాప్‌లో తిప్పుతూనే ఉన్నారు. అది కల్పితమని ఉలమా (మత పండితులు) ఎన్నిసార్లు చెప్పినా ఆగడం లేదు. తన పేరిట కావాలని అబద్ధం చెప్పినవాడు నరకంలో చోటు చూసుకోవాలని ప్రవక్త అన్న మాట మాత్రం గట్టి ఆధారాలున్న హదీసుల్లో ఒకటి. దాన్ని ఎవరూ తిప్పరు.