యార్క్ నగరం: గోడలకున్న రక్షణ దుకాణాలకు లేదు

ఇంగ్లండ్ ఉత్తర భాగంలోని యార్క్ నగర కేంద్రంలో చూడదగ్గ స్థలం ఎక్కడ ముగిసి అంగడి ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. క్రీ.శ. 71లో రోమన్ సైనిక స్థావరంగా మొదలై, 866లో వైకింగ్‌ల చేతిలో పడి, మధ్యయుగంలో ఉన్ని వ్యాపారంతో సంపన్నమైన ఈ నగరానికి ఇప్పుడు ప్రధానమైన సరుకు తన గతమే. ఆ గతానికి ఆధారమైన రాయిని, దూలాన్ని కాపాడుకోవడంలో యార్క్ ఆరితేరింది. వాటి నీడన సాగే వ్యాపారాన్ని కాపాడుకునే ఉపాయం మాత్రం దానికి ఇంకా చిక్కలేదు.

గతానికీ వ్యాపారానికీ పొత్తు కుదిరిన చోటు కాపర్‌గేట్. కొత్త వాణిజ్య సముదాయం కట్టడానికి ముందు యార్క్ పురావస్తు ట్రస్టు అక్కడ 1976 నుంచి 1981 వరకు తవ్వకాలు జరిపింది. గాలి చొరబడని తడినేల కావడంతో మామూలుగా కుళ్లిపోయే కర్ర, తోలు, బట్ట వెయ్యేళ్లు నిలిచాయి. దాదాపు 40,000 వస్తువులు బయటపడ్డాయి. ఎర్ర సముద్ర ప్రాంతపు గవ్వ, పట్టు టోపీ, సమర్‌ఖండ్ నాణేనికి చేసిన దొంగ నకలు వాటిలో ఉండడాన్ని బట్టి, వైకింగ్‌ల నాటి ఆ వీధి కూడా దూరదేశపు సరుకు చేరే బజారేనని తెలిసింది. తవ్విన చోటనే 1984లో నేల కింద జార్విక్ ప్రదర్శనశాల వెలిసింది, పైన దుకాణాలు వచ్చాయి. సందర్శకులను చిన్న బండ్లలో కూర్చోబెట్టి, నాటి వాసనలతో సహా పునర్నిర్మించిన వీధిలో తిప్పడం గంభీరమైన చరిత్రకారులకు రుచించకపోవచ్చు. కానీ తవ్విన సంస్థే ప్రదర్శనశాలను నడుపుతోంది కనుక, అక్కడ తెగే టికెట్టుకు పాండిత్యంతో సంబంధం తెగిపోలేదు. 2015 డిసెంబరు వరదలో మునిగిన ఆ కేంద్రాన్ని 2017 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు.

కొద్ది నిమిషాల నడక దూరంలోని షాంబుల్స్ కథ వేరు. అది కసాయివాళ్ల వీధి. పై అంతస్తులు ముందుకు చొచ్చుకొచ్చి మాంసానికి ఎండ తగలనివ్వవు. కిటికీల కింది వెడల్పాటి చెక్కలు మాంసాన్ని అమ్మకానికి పరిచే బల్లలుగా పనికొచ్చేవి. 1872లో కూడా అక్కడ 25 మాంసం దుకాణాలు ఉండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. క్యాథలిక్ మతగురువులకు ఆశ్రయమిచ్చిందన్న అభియోగంపై 1586లో ప్రాణాలు కోల్పోయిన మార్గరెట్ క్లిథెరో ఈ వీధి కసాయి భార్యే; ఆమె పేరున చిన్న ప్రార్థనాస్థలం ఇక్కడ ఉంది. దాని ఇరుగుపొరుగున హ్యారీ పాటర్ అనే మాంత్రిక బాలుడి కథలకు, సినిమాలకు సంబంధించిన మంత్రదండాలు, కండువాలు అమ్మే దుకాణాలు వెలిశాయి. ఆ సినిమాల చిత్రీకరణ ఇక్కడ జరగనే లేదు! వీధి పాతది కావడమే ఆ పోలికకు చాలింది. మధ్యయుగపు వీధిని చూడవచ్చినవారికి మధ్యయుగంలా కనిపించే సినిమా సరుకును అమ్మడంలో చట్టవిరుద్ధమేమీ లేదు, చిక్కంతా అక్కడే ఉంది.

ఇంగ్లండ్‌లో చారిత్రక కట్టడంగా నమోదైన ఇంటి దూలాన్ని అనుమతి లేకుండా తొలగిస్తే అది నేరం. అదే ఇంట్లో నూరేళ్లుగా సాగిన రొట్టెల దుకాణం మూతపడి కానుకల దుకాణం వస్తే అడిగే అధికారి లేడు. 2020 సెప్టెంబరులో ప్రణాళికా నిబంధనలు మారి దుకాణం, కెఫే, కార్యాలయం ఒకే వర్గంలో చేరాక, ఒకదాన్ని ఇంకొకటిగా మార్చడానికి ప్రణాళికా అనుమతి కూడా అక్కర్లేకుండా పోయింది. యజమాని ఎంత అద్దె అడుగుతాడో, దాన్ని ఎవరు కట్టగలరో, వీధి స్వభావాన్ని అదే నిర్ణయిస్తుంది. సెలవు రోజున గంటసేపు తిరిగి వెళ్లే మనిషికి తీపి, కండువా, జ్ఞాపిక అమ్మేవాడు కట్టగలిగిన అద్దెను మేకులు, తాళాలు అమ్మేవాడు కట్టలేడు.

యార్క్ వద్దనడం చేతకాని ఊరు కాదు. 1800లో నగర పాలకులే ప్రాకారాన్ని కూల్చే అధికారం కోరగా వ్యతిరేకత ఎదురైంది; కొంత పోయినా సుమారు 3.4 కిలోమీటర్ల గోడ నేటికీ నిలిచింది. పాత కోట బురుజైన క్లిఫర్డ్స్ టవర్ పక్కన తలపెట్టిన భారీ వాణిజ్య సముదాయాన్ని 2003లో ప్రభుత్వం తిరస్కరించింది. అయితే ఆ గెలుపులన్నీ కట్టడాల విషయంలోనివే. స్థానికుల కొనుగోళ్లు ఈలోగా ఊరి అంచుకు జారిపోయాయి: 1998లో డిజైనర్ ఔట్‌లెట్ వచ్చింది, కేంద్రంలోని వర్తకుల అభ్యంతరాల మధ్యనే, కొత్త క్రీడా మైదానానికి నిధులు సమకూరుతాయన్న లెక్కతో మాంక్స్ క్రాస్ అంగళ్ల సముదాయాన్ని విస్తరించారు. 2014లో అక్కడ తెరిచిన జాన్ లూయిస్ దుకాణం పదేళ్లు కూడా నిలవలేదు. కేంద్రంలోని వ్యాపారం దెబ్బతింటుందన్న వర్తకుల మాటలో కొంత నిజం ఉందనే నా అభిప్రాయం.

నగర కేంద్రంలో మళ్లీ జనం కాపురం ఉండాలని 1968లోనే వాస్తుశిల్పి లార్డ్ ఎషర్ తన నివేదికలో సూచించారు. వాహనాలను తగ్గించమన్న ఆయన సలహా చాలావరకు అమలైంది, నివాసాల మాట అంత దూరం సాగలేదు. షాంబుల్స్‌కు దగ్గరలోని కాలియర్‌గేట్‌లో 1896 నుంచి నడుస్తున్న బార్నిట్స్‌లో ఇప్పటికీ బకెట్టు, రంగు డబ్బా, తలుపు గొళ్లెం దొరుకుతాయి. పర్యాటకుల సంఖ్య ఎంత పెరిగినా అలాంటి దుకాణాన్ని నిలబెట్టలేదు. ఇంటికి గొళ్లెం కావలసినవాళ్లు ఆ గోడల లోపల కాపురం ఉండాలి. కౌన్సిల్ తన చేతిలోని భవనాల పై అంతస్తులను నివాసాలకు, కింది గదులను నిత్యావసర దుకాణాలకు తక్కువ అద్దెకు ఇవ్వగలదు. ఆ మేరకు వచ్చే అద్దె నష్టాన్ని ప్రాకారం మరమ్మతు ఖర్చులాగే ఏటా లెక్కలో రాసుకోవచ్చు.