నేతన్న పేరు, నేతన్న కూలి

దసరా దగ్గరపడేసరికి ఒడిశాలోని బరంపురంలో పట్టు దుకాణాల ముందు మళ్లీ తగ్గింపు బోర్డులు లేచాయి. 'నేతన్న కోసం' అని పెద్దక్షరాల్లో రాశారు. తెర వెనక కథ వేరు. ఈ సీజనుకు చీర కూలి కాస్త తగ్గించుకోమని మగ్గాల వీధులకు కబురు వెళ్లింది. బోర్డు దుకాణానిది, కోత నేతగాడిది.

స్టాకు పేరుకుపోయిందని, కొనేవాళ్లు రేటు వినగానే లేచిపోతున్నారని వ్యాపారులు అంటున్నారు. ఇబ్బంది ఉంటే ఉండొచ్చు. దానికి మందు మాత్రం ఇది కాదు.

చవగ్గా అమ్మడం తప్పేమీ కాదు, లెక్క కుదిరితే. 1969లో మొదలైన నిర్మా పౌడరు సర్ఫ్ కంటే ఎంతో తక్కువకు దొరికిందంటే, దాని తయారీ ఖర్చే తక్కువ. 2016లో జియో డేటా ఉచితంగా పంచింది. టవర్లు వేశాక ఇంకో కస్టమరు చేరితే పెరిగే ఖర్చు నామమాత్రం. జనం అలవాటు పడ్డాక చార్జీలు పెంచింది కూడా! కిరాణా కొట్టు పప్పు మీద రూపాయి తక్కువ వేసుకున్నా సరుకు వారంలో తిరిగి డబ్బు చేతికొస్తుంది. ఈ ముగ్గురూ తమ లాభంలోంచో, తమ పెట్టుబడిలోంచో తగ్గించారు. పక్కవాడి అన్నంలోంచి కాదు.

చేనేతలో ఆ వెసులుబాటు ఎక్కడిది? మొదటి చీరకు ఎన్ని రోజులో పదో చీరకూ అన్నే రోజులు. బరంపురం పట్టుకు పేరుతెచ్చిన ఫొడా కుంభం అంచునే చూడండి. చీర ఒంటి రంగు, అంచు రంగు కలిసేచోట గుడి గోపురాల్లా మొనలు తేలాలి. అక్కడ ఒక్క పోగు తప్పినా మొన వంకరపోతుంది. పక్కన కూర్చుని కండెలు చుట్టే ఇల్లాలికి ఇప్పటికీ లెక్కలో కూలే లేదు. పట్టు దారం రేటు మన చేతిలో లేదు. జరీదీ అంతే. షాపు అద్దె తగ్గదు, దుకాణం మార్జిన్ తగ్గించరు. ఇక మిగిలింది కూలి. దాన్ని కోసి, పైన నేతన్న పేరు పెట్టుకోవడం వ్యాపార వ్యూహమా?

పోనీ, దీంతో మరమగ్గం చీరను తట్టుకుంటారా అంటే అదీ లేదు. ఎంత కోసినా ఆ రేటుకు దిగలేరు. ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి పెళ్లి పట్టు కోసం ఇక్కడిదాకా వచ్చేవాళ్లు చవక కోసం రారు. రేటు మరీ పడిపోతే 'ఇది అసలుదేనా?' అని అడుగుతారు. పైగా ఈ దసరాకు తగ్గిన కూలి సంక్రాంతికి పెరుగుతుందని ఎవరైనా రాసిస్తారా?

కొన్ని రకాలను మరమగ్గం మీద నేయకుండా చేనేతకే కేటాయించిన చట్టం 1985 నుంచీ ఉంది, చీర ఆ జాబితాలోనే ఉంది. బరంపురం పట్టుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపూ ఉంది. నకిలీ మీద అధికారులకు ఫిర్యాదు చేసిన దుకాణదారులు ఎంతమంది? చేయరు. కొన్ని కౌంటర్లలో రెండు రకాలూ పక్కపక్కనే మడతపెట్టి ఉంటాయి మరి! మరమగ్గం చీర అమ్మి లాభం తీసుకునేదీ వాళ్లే, దాని పోటీ చూపించి కూలి కోసేదీ వాళ్లే.

తగ్గింపు ఇవ్వాలనుకుంటే ముందు మీ మార్జిన్‌లోంచి ఇవ్వండి. 'నేతన్న కోసం' బోర్డు తీయక్కర్లేదు. ఈ సీజనులో చీరకు ఎంత కూలి ఇచ్చారో దాని కిందే రాసి పెట్టండి.