మా సీతాఫలం చేసిన పాపమేంటి?

నిన్నటి నుంచి కోపం తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. మా పాప బడిలో నిన్న పండ్ల రోజు. అనంతపురంలో ఇప్పుడు ఏ వీధి మలుపు చూసినా గంపల్లో సీతాఫలాలే. కళ్లు బాగా విచ్చుకున్న పండు ఏరి డబ్బాలో పెట్టి పంపించాను. సాయంత్రం డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. వెనకాలే తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్: విత్తనాలు ఉండే పండ్లు, చేతులకు అంటుకునే పండ్లు పంపకండి, ఆపిల్ గానీ కివీ గానీ నీట్‌గా కోసి పంపండి అని. దాని కింద తల్లులందరూ వరసగా చప్పట్ల బొమ్మలు.

"అమ్మా, సీతాఫలం మంచిది కాదా?" అని అడిగింది పాప. ఏం చెప్పాలబ్బా ఆ బిడ్డకు?

ఇదే బడి పోయిన నెలలో 'భూమిని కాపాడదాం' అని పిల్లల చేత చార్టులు గీయించింది. గోడ మీద ఆ చార్టు, దాని ముందు కూర్చున్న పిల్లల చేతిలో న్యూజిలాండ్ నుంచో ఇరాన్ నుంచో ఓడెక్కి వచ్చిన కివీ. కశ్మీర్ ఆపిల్ మన దేశపుదే, కాదనను. కానీ అది కూడా రెండు వేల కిలోమీటర్లకు పైగా లారీలో ప్రయాణం చేసి మన ఊరు చేరాలి. అక్కడి సీజన్ అయిపోయాక దొరికేదైతే నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో కరెంటు తాగి వస్తుంది. మా సీతాఫలానికి అదేమీ అక్కర్లేదు. మన గుట్టల మీద వానకు మొలుస్తుంది, వానకే కాస్తుంది. బోరు నీళ్లు అడగదు, ఎరువు అడగదు, మేకలు కూడా దాని ఆకు ముట్టవు. తెల్లారకముందే గుట్ట ఎక్కి కోసి, గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్లు అమ్మితే ఆ డబ్బు ఈ ఊళ్లోనే ఉంటుంది. పండితే రెండు రోజులకు మించి నిల్వ ఉండదు, కాబట్టి ఇక్కడి పండు ఇక్కడే తినాలి. భూమిని కాపాడే తిండి అంటే ఇంతకంటే ఏం కావాలి?

చెనిక్కాయలకూ, అదే వేరుశనగకూ ఇదే గతి. పచ్చి కాయలు ఉడకబెట్టి పెడితే పొట్టు పడుతుందని వద్దంటారట. వంద గ్రాముల చెనిక్కాయ విత్తనాల్లో దాదాపు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఆ పంట వేర్లు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. జిల్లా మొత్తం బతికింది ఆ కాయ మీద. అది పిల్లల డబ్బాలోకి రాకూడదు, కానీ రంగు కాగితంలో చుట్టిన ప్రోటీన్ బార్ రావచ్చు. దానికి పొట్టు ఉండదు కదా!

ఊళ్లో పండిందల్లా మంచిదే అని నేను అనను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేల మీద బోర్లు వేసి వరి పండిస్తే అది కూడా అన్యాయమే. కిలో బియ్యానికి 2,500 లీటర్ల దాకా నీళ్లు కావాలి, నీళ్లు నిలబెట్టిన మడి నుంచి మీథేన్ కూడా వస్తుంది. కరువు ఏడాదుల్లో చీనీ (బత్తాయి) చెట్లు ఎండిపోతుంటే ట్యాంకర్లతో నీళ్లు తోలిన రైతులను చూశాను. ఆ అప్పులు తీరక తోటలు కొట్టేసినవాళ్లనూ చూశాను. ఈ నేలకు తగ్గవి కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, అనుములు. వాటిని మా ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది ఎవరు?

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలితో ఉన్న ఇంటికి అది ప్రాణం పోసింది, దాన్ని తప్పు పట్టను. కొర్రలు రోట్లో దంచి దంచి చేతులు బొబ్బలెక్కిన ఆడవాళ్లు బియ్యం రాగానే ఊపిరి పీల్చుకున్నారంటే అదీ న్యాయమే. ఊరికొక కొర్రల మర పెట్టి, రేషన్లో బియ్యంతో పాటు కొర్రలు, జొన్నలు కూడా ఇచ్చి ఉంటే సరిపోయేది. ఆ పని చేయలేదు. బియ్యం మాత్రమే ఇచ్చి, వరి అన్నం తినేవాళ్లే మనుషులు అన్నట్టు చేశారు.

నా అసలు మంట ఇక్కడుంది. ఇంటర్‌కి కోస్తాలో హాస్టల్లో చేరినప్పుడు నేను తీసుకెళ్లిన ఊరుబిండి పచ్చడి, జొన్న రొట్టెలు చూసి నవ్వారు. "సంగటి పిల్ల" అని పేరు పెట్టారు. రెండేళ్లు ఆ పేరుతోనే పిలిచారు. ఈరోజు వాళ్లే హైవే పక్క హోటళ్లలో సంగటి ముద్ద, నాటుకోడి పులుసు ముందు పెట్టుకుని ఫోటోలు పెడుతున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించాక కొర్రలు గొప్పవైపోయాయి. మా అవ్వ తిన్నప్పుడు ఎందుకు కాలేదు?

పరాయివాళ్లు నవ్వారు సరే, మనవాళ్ల సంగతేంటి? చుట్టాలొస్తే సంగటి గిన్నె లోపల దాచి, అప్పటికప్పుడు వరి అన్నం వండేది మా అమ్మ. చుట్టాల ముందు పరువు పోతుందని. ఇప్పుడు మన పెళ్లిళ్లు చూడండి. పనీర్, బేబీకార్న్, గోబీ మంచూరియా, చివర్లో డ్రాగన్ ఫ్రూట్ ముక్కలు. పత్తికొండలో ధర లేక రైతులు టమోటాలు రోడ్డు మీద పారబోసిన రోజుల్లో కూడా పెళ్లి విందులో టమోటా పచ్చడి కనిపించదు. అడిగితే "ఎవరు తింటారు వదినా" అంటారు. నేను తింటాను. నా పిల్లలు తింటారు.

కాబట్టి చుట్టపక్కాలకు ముందే చెబుతున్నా. ఈ సంక్రాంతికి మా ఇంటికి వస్తే సజ్జ రొట్టె, పితికిపప్పు (నానబెట్టి పొట్టు తీసిన అనుములు) కూర, ఎర్రకారం. వచ్చిన ప్రతి ఒక్కరికీ, కలెక్టర్ వచ్చినా సరే, అదే విస్తరి.