పన్నుతో పోయి పన్నుతో వచ్చాను

మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసిన జ్ఞానదంతాన్ని పీకించుకుందామని పొద్దున్నే బయల్దేరాను. బండికి చోటు దొరక్క రెండు వీధుల అవతల పెట్టి, లిఫ్టు పనిచేయక మూడు అంతస్తులు ఎక్కి, రొప్పుతూ క్లినిక్‌లో పడ్డాను.

రిసెప్షన్ అమ్మాయి నన్ను ఎత్తు స్టూలు ఎక్కించింది. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. చొక్కా చేతి మీదే బీపీ పట్టీ చుట్టి, అది బిగుసుకుంటుంటే అడ్రస్ అడిగింది, వయసు అడిగింది, "క్యాషా, ఫోన్‌పేనా?" అంది. "బాత్రూం ఎటమ్మా?" అంటే "రీడింగ్ అయ్యాక సార్" అంది. (ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, కాళ్లు నేలకి ఆనించి, ఒట్టి చేతికి చుట్టి, మాట్లాడించకుండా చూడాలట. సాయంత్రం ఇంకో డాక్టరుగారు అలాగే చూస్తే 138 వచ్చింది. బాత్రూంకి కూడా ముందే పంపారు, మహానుభావుడు.)

"సార్‌కి 186 బై 112!" అని లోపలికి కేకేసింది. హాలంతా నా వైపు తిరిగింది. పక్క కుర్చీలో పెద్దాయన జాలిగా చూసి, "మా బావమరిదికీ సరిగ్గా ఇంతే వచ్చిందండీ..." అన్నాడు. అంతలో ఆయన్ని పిలిచారు. లేచి వెళ్లిపోయాడు.

వచ్చి? ఆ తర్వాత ఏమైంది? మాట సగంలో వదిలేసి పోతే ఎలాగండీ? ఆ బావమరిది వయసెంత, సిగరెట్లు తాగేవాడా, అసలు ఉన్నాడా? ఈ ఆలోచనల్లోనే రెండోసారి చూశారు. 194.

డాక్టరుగారు 180 దాటితే పీకరట. రక్తం ఓ పట్టాన ఆగకపోవచ్చట, మత్తు ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ ఉంటుందట, గుండెకి ఇబ్బందట. నిజమే, కాదనను. "నొప్పికి కూడా బీపీ పెరుగుతుందండీ" అని ఓదార్చారు. అంటే పన్ను పీకితే నొప్పి పోతుంది, నొప్పి పోతే బీపీ తగ్గుతుంది, బీపీ తగ్గితేనే పన్ను పీకుతారు! ఫీజు మాత్రం ఏ రీడింగుకైనా ఒకటే.

మందుల చీటీ కోసం కూర్చుని ఉండగా పెద్దాయన బయటికొచ్చాడు, నోట్లో దూది కరిచిపెట్టుకుని. ఎదురెళ్లి, "మీ బావమరిది గారికి ఎలా ఉందండీ?" అన్నాను.

నోరు తెరవకూడదుగా. వేలు పైకి చూపించాడు.

పై అంతస్తులో ఉంటారేమో అనుకుందామంటే, ఆ బిల్డింగుకి పైన డాబా తప్ప ఇంకేం లేదు.